ఒక్క డిగ్రీ

మాజీ సైనికుల కోటాలో వచ్చారు
పొట్నూరు దాలినాయుడు మాస్టారు,
పాతపోస్టాఫీసు వెనక మా మున్సిపల్ హైస్కూలుకి.
మిలట్రీ మనిషి కదా అని
హెడ్మాస్టరమ్మ మొదటిరోజే చేతిలో విజిల్ పెట్టింది.
దాన్ని సొరుగులో పడేసి
సుద్దముక్క అడిగారు.

పోర్టు నుంచి ఎగిరొచ్చిన ఎర్రధూళి
రాత్రికి రాత్రే బెంచీలకు రంగేసేది.
ప్యూను తుడవబోతే వద్దనేవారు.
"పలకలు కొనక్కర్లేదు, రాయండ్రా."
పదో తరగతోళ్లం, మీసాలొస్తున్నవాళ్లం,
ఇనుప దుమ్ములో వేలితో త్రిభుజాలు గీసేవాళ్లం.
ఇంటికెళ్తే మా అమ్మ నా వేలు చూసి
"ఈవేళ లెక్కలేటి?" అనేది.

ఆయనకి ఎడమ చెవి వినపడదు.
అది మాకు తెలిసిన రోజు నుంచి
అల్లరంతా ఆ చెవివైపు బెంచీల్లోకి మారిపోయింది.
ఆయనకీ తెలుసు.
ఉన్నట్టుండి గది వెనక్కెళ్లి నిలబడి
పాఠం అక్కణ్ణుంచి చెప్పేవారు.
అటు ఇటయ్యేది.

యుద్ధం కత చెప్పమని వేధిస్తే
మంచు గురించి చెప్పేవారు.
"మీ అయ్య ఐసు ఫ్యాక్టరీ నుంచి బోటుకి మోసే దిమ్మ ఉందే, అదే.
కాకపోతే దాని మీద పడుకోవాలి.
చేపలా."
మేం నవ్వేవాళ్లం.
ఆయన నవ్వేవారు కాదు, నవ్వనిచ్చేవారు.

ఓ శనివారం రేవు ఒడ్డుకి తీసుకెళ్లారు.
కోణమానికి దారం,
దారానికి మా వల నుంచి తెంపుకొచ్చిన సీసం గుండు.
అవతల డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసు.
ఒక కన్ను మూసి చూడమన్నారు.
గుండు ఊగుతోంది.
"ఆగనీ. అది ఆగేదాకా ఊపిరి కూడా ఆపు."
ఆ మాట ఎక్కడ నేర్చుకున్నారో
అడగాలని అప్పుడు తోచలేదు.
తర్వాత గుండుని అరచేతిలో వేసుకుని
బరువు చూసి, నాకిచ్చేస్తూ
"గుండంటే మీకు ఇదొక్కటే తెలిస్తే చాలురా" అన్నారు.

డిసెంబరు మొదటి వారం.
బీచిలో నేవీ విన్యాసాలకి రిహార్సలు.
హెలికాప్టర్లు మా పెంకుల మీంచే పోతున్నాయి.
ఒక్కో పేలుడుకి కిటికీ రెక్కలు దడదడ,
క్లాసంతా కిటికీ దగ్గరే.
ఆయన బోర్డువైపు తిరిగి ఉన్నారు.
కుడి చెవి మీద కుడి అరచెయ్యి.
ఎడమచేత్తో రాస్తున్నారు, అంకెలు వంకర.

నా లెక్క దిద్దింది ఆ రోజే.
పదిహేడు ఉండాల్సిన చోట పద్దెనిమిది వేశాను.
"ఒక్క డిగ్రీయే కదండీ" అన్నాను.

కొట్టలేదు.
వచ్చి నా పక్కన కూర్చున్నారు.
దుమ్ములో ఒకే చుక్క నుంచి రెండు గీతలు గీశారు
బెంచీ చివరిదాకా, పక్క బెంచీ మీదికి, ఆ పక్కదాని మీదికి.
పిల్లలు లేచి దారిచ్చారు.
మొదట్లో గోరంత సందు కూడా లేదు.
చివర్న నా అరచెయ్యి పట్టింది.
"ఇంకా పోనీ. కొండ దాటించు. పన్నెండు కిలోమీటర్లు."
కట్టాను.
"రెండొందల తొమ్మిది మీటర్లండీ."
"ఆఁ. అక్కడ ఓ పాక. మేకలోళ్లది."
కాసేపాగి,
"కోణం చెప్పింది నేనే. మళ్లీ సరిచూడలేదు."

జేబురుమాలుతో వేలు తుడుచుకున్నారు.
ఎరుపు పోలేదు.
బెల్లయింది.
ఆయనకి వినపడలేదనుకుంటాను,
చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ఇప్పుడు నేను అదే పోర్టులో క్రేను నడుపుతాను.
బూము ఎత్తేముందు మీటరు చూస్తాను,
దిగొచ్చి నేల మీంచి ఇంకోసారి చూస్తాను.
"బంగారం తూస్తున్నావేట్రా నూకరాజూ" అని
షిఫ్టులో ఎగతాళి.

మొన్న పూర్ణా మార్కెట్లో కనిపించారు,
సంచిలోంచి ఆనపకాయ తొంగిచూస్తూ.
కుడివైపు చేరి పేరు చెప్పాను, క్రేను సంగతి చెప్పాను.
"సరిచూసుకుంటున్నావా?"
"రెండుసార్లండీ."
ఏమీ అనలేదు.
కూరలమ్మాయి తక్కెట్లో చేమదుంపలు పోసింది.
ముల్లు ఊగుతోంది.
వెనక నుంచి జనం తోస్తున్నారు.
"ఆగనీ" అన్నారు,
ఆమెతోనో, నాతోనో.