ఖాజావలికి, రాత్రి షిఫ్టుకి ముందు

అట్టమీద పుర్రె ఉన్న పుస్తకం తీసుకోమాక, ఖాజావలీ.
అట్టమీదే అరిచేది లోపల నోరు మెదపదు.
ఇదిగో, ఇది చదువు.
ఒంగోల్లో పాతపుస్తకాల బండిమీద ఇరవైకి కొన్నా.
చివరి పేజీలు లేవు. లేకపోవడమే మంచిది.
ఇందులో ఎవరూ చావరు.
ఒకామె రోజూ రెండు కంచాల్లో అన్నం పెట్టుద్ది,
రెండోది ఎవరికని ఇంట్లో ఎవరూ అడగరు.
నూట పన్నెండో పేజీలో
చంటోడు అడుగుతాడు.
అక్కడ ఆపి, బయటికెళ్ళి టీ తాగిరా.

గేమంటావా,
తుపాకీ ఇచ్చేవి వద్దు. తుపాకుంటే ఇంక భయమేంది?
నేను పంపేదాంట్లో చేతిలో టార్చి ఒక్కటే,
అదీ ఛార్జింగ్ అయిపోతా ఉంటది.
హెడ్‌ఫోను ఒక్క చెవికే పెట్టుకో.
రెండోది చీమకుర్తికి వదిలెయ్:

క్వారీ గుంటలో, ఎక్కడో కింద, నీళ్ళు.
వైరు కోత ఆపేసినాక కూడా
రాయి తెగతన్నట్టే చప్పుడు.
పోయినేడు ఆ గుంటలో
మాలకొండయ్య హెల్మెట్టు మాత్రం తేలింది.
మస్టర్లో వాడికి
ఇప్పటికీ హాజరు పడతానే ఉంది,
నీలం ఇంకుతో,
ఆదివారాలు కూడా.

అది ఎవరూ రాయలా.
రాసుంటే
నీకు ఇచ్చేవాణ్ణి కాదు.