జొన్నల కాగు

నూరేండ్ల పండుగకు సంఘ చరిత్ర రాయమన్నరు.
నాలుగు పేజీలు చాలన్నడు పాస్టరయ్య,
ఫోటోలకు జాగ ఉండాలె గదా.

ఎక్కడ మొదలువెట్టాలె?
తెల్లదొర గుర్రమెక్కి వచ్చిండని పాత కరపత్రంల ఉన్నది.
దీనమ్మ ముత్తవ్వ ముచ్చట వేరు.
దొర వచ్చింది తర్వాత.
ముందు వచ్చింది గజ్జెల ఓదెలు,
హన్మకొండ మిషను దవాఖానల కాలు కోయించుకోని
చంకకర్ర మీద, పరకాల తొవ్వ పట్టుకోని
పన్నెండు కోసులు.
కాలేదిరా అంటే
"ఆడ పెట్టొచ్చిన, ఇది తెచ్చుకున్న" అని
రొండిల చెక్కుకున్న మత్తయి సువార్త తీసిండట.
చదువు రాదు.
పుస్తకం తలకిందులు పట్టుకున్నడట.

మొదటి బాప్తిస్మం చెరువుల కాదు.
చెరువు మనది కాదు.
తోళ్లు నానేసే లందగుంత తోడిపోసి,
సున్నం వాసన పోయేదాక మూడొద్దులు కడిగి,
కొత్త నీళ్లు నింపి,
అండ్లనే ముంచిండ్రు పదకొండు మందిని.
లేచినంక కూడా ఒంటికి తంగేడు చెక్క వాసన.
"పరిశుద్ధాత్మ వాసన గట్లనే ఉంటదనుకున్న"
అనేది ముత్తవ్వ, చచ్చిపోయేదాక.

గంట లేదు.
కాజీపేట రైలుకట్ట మీద కూలికి పోయిన మొగిలి
పట్టా ముక్కొకటి భుజాన మోసుకొచ్చిండు.
కొన్నడా, ఎత్తుకొచ్చిండా,
సంఘం అడగలే.
వేపకొమ్మకు కట్టి కొడితే గడీ దాక వినవడ్డది.
వెట్టికి పిలిచే యాళ్ల ఆ చప్పుడేందని
గడీ దొర మనిషిని తోలిండు.
పన్నెండు దెబ్బలు, మొగిలి వీపు మీద.
పై ఆదివారం
గంట ఇంకింత పొద్దుగాల మోగింది.

డప్పు వద్దన్నది మాత్రం తెల్లదొర.
డప్పులు అటకెక్కినయి,
ఇరవై ఏండ్లు ఎలుకలు కొట్టినయి.
దొర ఓడెక్కిన ఏడు కోతల పండుగకు
గుడి ముందట మంటేసి
కొత్త తోళ్లు కాపుకుంట కూసున్నరు ముసలోళ్లు,
చేతులు మరిచిపోలేదు.

నడుమల ఒకసారి సంఘం రెండయింది, మైకు సెట్టు మీద.
అది రాయ.
కొట్టుకున్నోళ్లిద్దరు ఇంకా ముందు వరుసలనే కూసుంటరు.

రిజిస్టరు కాడ కలం ఆగింది.
ఒక గడిల పాతపేరు, ఒక గడిల కొత్తపేరు.
మైసయ్య, అననీయ.
బుచ్చమ్మ, ఫీబే.
బడిల మాత్రం పాతపేరే.
కొత్తపేరు చెప్తే కులం సర్టిఫికెట్టు లేదు,
సర్టిఫికెట్టు లేకుంటే హాస్టల్ల బువ్వ లేదు.
వాడంత ఆదివారం ఒక పేరు,
సోమవారం ఒక పేరు.

ఎంక్వయిరీకి గిర్దావరు వచ్చిననాడు
సంఘపెద్ద యోబు తాత
రిజిస్టరు కాగుల పెట్టి మీద జొన్నలు పోసిండు.
"గీడ చర్చి లేదయ్యా. పొద్దుమీకి భజన జేసుకుంటం."
గోడకు సున్నంతోని గీసిన సిలువ.
దానికి వీపు ఆనిచ్చి నిలవడ్డడట,
గిర్దావరు చాయ తాగి లేచేదాక.
అంగి వెనుక తెల్లగ అంటుకున్నది సున్నం.
అది చూసింది అవ్వ ఒక్కతే.
ఆ రాత్రి కోడి కూసేదాక ఏడ్చిండు.
కూసినంక కూడా.

పాస్టరయ్య మొత్తం చదివిండు.
అద్దాలు తీసి తుడుచుకున్నడు.
"యోబు తాత ముచ్చట తీసెయ్‌ బిడ్డా,
పిల్లల సీట్లున్నయి ఇంకా."
తీసేసిన.
ఖాళీ కనవడొద్దని పట్టా ముక్క ఫోటో పెట్టినం.
నూరేండ్లు ఒక్కకాడనే కొట్టి కొట్టి
గుంట వడ్డది దానికి,
బొటనవేలు పట్టేటంత.

రిజిస్టరు వాపసియ్యనీకి పోయిన.
దులిపితే పేజీల నడుమకెళ్లి ఒక జొన్నగింజ రాలింది,
పురుగు తొలిచింది.
ఇదెక్కడ పెట్టాలె చిన్నమ్మా అన్న.
యోబు తాత కోడలు
వాకిలి దిక్కు ఒకసారి చూసి,
మాట్లాడకుంట
కాగు మూత తీసింది.