పెంకులు ఎవరు ఊడుస్తారు

మంగళవారం టికెట్ ఆరు పౌండ్లే.
కోవెంట్రీలో వాన. చేతులకి లప్పం వాసన ఇంకా పోలేదు.
పక్క సీట్లో మా షాపు కుర్రాడు డెక్లన్
బకెట్టంత పాప్‌కార్న్ ఒళ్లో పెట్టుకుని
"ఈసారి మూడు నగరాలు కూలుస్తాడట" అన్నాడు,
పెళ్లి భోజనంలో మూడు స్వీట్లట అన్నట్టు.

నేను అద్దాలు బిగిస్తాను.
పదకొండేళ్లుగా ఈ ఊళ్లో
ఎవరి వంటింటి కిటికీ ఎన్ని మిల్లీమీటర్లో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
అందుకని నా అభిప్రాయం
కాస్త ఓ పక్కకి ఒరిగే ఉంటుంది. ముందే చెబుతున్నా.

మొదటి భాగం నాకు ఇష్టం.
అందులో మెరుపుగద్ద ఇంకా సిటీ బస్సు నడిపేవాడు.
ఎగరడం కొత్త. ఆగడం అస్సలు రాదు.
ఓ రాత్రి ఎవరో ముసలావిడ వంటింట్లోకి
కిటికీ పగలగొట్టుకుని వచ్చి పడ్డాడు,
సింకులో ఎంగిలి గిన్నెల మీద.
మర్నాడు సెలవు పెట్టి మళ్లీ వచ్చాడు,
చంకలో అద్దం పలక, జేబులో లప్పం డబ్బా.
కొలత తప్పాడు. బొటనవేలు కోసుకున్నాడు.
ఆవిడ టీ కప్పు అందిస్తూ "ఇంకో అరంగుళం, నాయనా" అంది.
హాలంతా నవ్వింది.
నేను నా బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను.
లోకాన్ని గెలిచి
అరంగుళం దగ్గర ఓడిపోయిన వీరుణ్ణి
అంతకుముందు ఎక్కడా చూడలేదు.

రెండో భాగంలో వాడికి కొత్త బట్టలు.
కండలు కూడా కొత్తవే, దర్జీ కుట్టినట్టున్నాయి.
బస్సు లేదు. ముసలావిడని
ఒక్క డైలాగుతో చంపేశారు,
అదీ వేరే ఎవరో ఫోన్లో చెబుతారు.
ఇక నలభై అంతస్తుల మేడ:
ఇటునుంచి దూరి అటు తేలాడు,
మళ్లీ అటునుంచి దూరి ఇటు.
నేను లెక్కపెట్టాను, పాడు అలవాటు.
అంతస్తుకి ఇరవైనాలుగు పలకలు,
డబుల్ గ్లేజింగ్, గట్టి రకం,
ఆర్డరిస్తే రావడానికే ఆరు వారాలు.
వాడు వెనక్కి తిరిగి చూడలేదు.
కింద జనం చప్పట్లు కొట్టారు,
ఒక్కరి జుట్టులోనూ ఒక్క పెంకు లేదు.

విలన్ సంగతా?
తన కోపం దేనికో వాడికే గుర్తులేదు.

ఆకాశం నుంచి ఏం పడతాయో ఈ ఊరికి తెలుసు.
పైకప్పు పోయిన పాత కథెడ్రల్‌ని
అలాగే ఉంచారు, వాన తిన్నగా లోపలే పడుతుంది.
దాని పక్కనే కొత్తది,
గోడంత గాజు తెర, మీద చెక్కిన దేవదూతలు.
ఎండ ఉన్న రోజు నా శాండ్‌విచ్ అక్కడే.
కూలడానికి ఒక్క రాత్రి చాలింది.
మిగతా కథంతా ఆ తెల్లారి మొదలైంది,
చీపుళ్లతో.
దాన్ని ఎవరూ సినిమా తియ్యరు.

దీపాలు వెలిగినా ఎవరూ లేవలేదు.
పేర్లన్నీ అయ్యాక బుల్లి సీను ఉంటుందట.
పేర్లు పైకి పాకుతున్నాయి, చీమల బారు.
ఆ బారులో గాజు పగుళ్ల కింద
చెన్నుబోయిన హిమజ.
రెండోసారి చదివేలోపే వెళ్లిపోయింది.

అవునే మరి,
ఆ పెంకులు వాటంతటవి పగల్లేదు.
ఏ గచ్చిబౌలిలోనో రాత్రి రెండింటికి
చల్లారిన నూడుల్స్ పక్కకి నెట్టి
ఏ పెంకు ఎటు ఎగరాలో, దాని అంచున
వెలుగు ఎంతసేపు నిలవాలో
ఒకమ్మాయి కూర్చుని అమర్చింది.
"ఇంకాస్త పగలాలి" అని పైవాళ్లు తిప్పి పంపే ఉంటారు.
నేను బిగిస్తాను, హిమజ పగలగొడుతుంది,
ఇద్దరికీ ఓవర్‌టైమ్ ఎగ్గొడతారు.

అయినా సినిమా బాగాలేదు.
హిమజ పగుళ్లు మాత్రం బాగున్నాయి.

బుల్లి సీను వచ్చింది.
చీకటి వంటిల్లు. కిటికీకి అట్టముక్క, టేపు.
బయటినుంచి ఎవరో తడుతున్నారు. అంతే.
"మూడో భాగం!" డెక్లన్ సీట్లోంచి లేచిపోయాడు,
పాప్‌కార్న్ నా కాళ్ల మీద.

టేపు తప్పు వేశారు, అన్నాను.
తడి చెక్క మీద అది తెల్లారేదాకా ఆగదు.