చుక్క లెక్క

ముప్ఫై ఒక్క ఏళ్లుగా మలక్‌పేటలో మందుల షాపు నాది.
ఏ డాక్టరు రాసినా చదివాను.
కునికిపాట్లలో గీసినవి, ఆపరేషన్ కంగారులో గీకినవి,
వానపాము సిరాలో పడి పాకినట్టున్నవి,
చీటీ తలకిందులుగా పట్టుకున్నా మందు పేరు చెప్పేవాణ్ని.
ఆ పొగరుతోనే తార్నాక వెళ్లాను.

దఫ్తరంలో ముత్తాత
రెండు కాగితాలంత మిగిలాడు.
రిసాలాలో సాయీసు.
ఉర్దూ నాకు నోటికి వచ్చు, కంటికి రాదు.
వచ్చినవాళ్లకైనా అది అక్షరం కాదట, మున్షీ పరుగట.
కలం ఎత్తితే జీతం కోస్తారన్నట్టు
ఒక మాట తోక పట్టుకుని ఇంకో మాట.
చుక్కలు మాత్రం
చెరుగుతుంటే చాట దాటిన జొన్నల్లా
ఎక్కడో పడ్డాయి.

యాకుత్‌పురా నుంచి ఫర్హత్ టీచరమ్మ వచ్చింది
రెండు బస్సులు మారి,
భూతద్దం చేతిరుమాల్లో చుట్టుకుని.
నలభై ఏళ్లు పిల్లల దస్తూరీ దిద్దిన చెయ్యి.
ముందు మున్షీనే మందలించింది:
"నుక్తా పెడితే నీ అబ్బ సొమ్మేం పోయింది?"

పేరు దగ్గరే అరగంట.
చుక్కల్లేని పన్ను ఒకటి,
అది బ కావచ్చు, త కావచ్చు, న కావచ్చు.
నగ్గియా. తగ్గియా.
మా ఇంట్లో తగ్గే రకం ఎవరూ లేరన్నాను.
నవ్వి, బుగ్గయ్య అని తేల్చింది.

తర్వాత హులియా.
చామనఛాయ. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు.
ఎడమ కనుబొమ్మ మీద గుర్రం తన్నిన మచ్చ.
కుడి చిటికెన వేలు వంకర.
ఫోటో లేని మనిషి
మచ్చలు మచ్చలుగా వచ్చి
ఆ బల్ల పక్కన నిలబడ్డాడు.
"పారిపోతే పట్టుకోవడానికి రాసుకునేవాళ్లు ఇవన్నీ" అంది ఆమె,
మామూలుగానే.

నేను మాట్లాడలేదు.
కార్వాన్‌లో మా ఇల్లు ఎక్కడని అడిగితే
"పరారోళ్లదా?" అని వేలు చూపేవాళ్లు.
పింఛను అడగబోయిన ఈదమ్మ ముత్తవ్వ
గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చిందట.
చచ్చేదాకా మళ్లీ గుర్రబ్బండి ఎక్కలేదట,
జ్వరంలో కూడా.

చివరి గడిలో ఒకే మాట.
టీచరమ్మ అద్దం దగ్గరికి జరిపింది,
దూరం జరిపింది,
కిటికీ వైపు తిప్పింది.
"ఒక చుక్కుంటే ఫరార్.
రెండుంటే ఖరార్."
పారిపోయినవాడా, నౌకరీ ఖాయమైనవాడా?
కాగితం మీద ఉన్నది ఒక్క చుక్క.
రెండోది ఉండాల్సిన చోట
పురుగు తిన్న చిల్లు.

చిల్లులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది.
పురుగు చుక్కనే తిన్నదో
వట్టి కాగితాన్నే తిన్నదో.
వందేళ్లు మా గడప మీద కూర్చున్న మాట
ఆవగింజంత బెజ్జంలో ఊగుతోంది.

అన్నం వేళ దాటాక ఆమె వెనక పేజీ తిప్పింది.
జీతం కోతల పద్దు:
గుర్రం తోమే ఇనుప దువ్వెన పోగొట్టినందుకు
పది అణాలు.
తారీఖు తీర్ మాసం.
ముందు పేజీలో గడి బహ్మన్ నాటిది,
ఐదు నెలలు వెనక.
"పారిపోయినోని జీతం ఎట్ల కోస్తరు బేటా?"

నా మొహం చూసి కాబోలు
కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ
మెల్లగా కలిపింది:
"కానీ నెల పేరు రాసింది కూడా ఈ మున్షీయే."

బయట తార్నాక బస్టాపులో
ఆమెను బస్సెక్కించి చాలాసేపు నిల్చున్నాను.
ఆ దువ్వెన ఎక్కడ పడిపోయిందో,
ఎంత వెతికాడో,
పది అణాలకు ఎంత ఏడ్చాడో.

రాత్రి షాపులో చీటీ ఒకటి వచ్చింది.
ముసలాయన, గుండె మందు.
రెండు, ఐదు. మధ్యలో ఏదో నల్లగా.
నిన్నటిదాకా అయితే చటుక్కున చెప్పేవాణ్ని.
కూర్చోమని స్టూలు వేసి
మొదటిసారి డాక్టరుకు ఫోన్ చేశాను.
"సార్, రెండున్నరా, ఇరవై ఐదా?
అది మీరు పెట్టిన చుక్కేనా,
ఈగ వాలిన మరకా?"