గేజు రాయి

భామ్రాగఢ్ కాడ మూడు నీళ్లు కలుస్తయి.
పామలగౌతమి నల్లగ వస్తది,
పర్లకోట ఎర్రమన్ను కడుపుల పెట్టుకొని వస్తది,
ఇంద్రావతి ఎవ్వల దిక్కు చూడకుంట వస్తది,
కొండలన్నీ దిగి మోకాళ్లు నొచ్చిన పెద్దమనిషి లెక్క.

నా కొలువు చిన్నది.
పొద్దుగాల ఆరింటికి మెట్లు దిగి
గేజు రాయి మీది తెల్లగీతలు చూసి
రిజిస్టర్ల అంకె రాసుడు.
వానకాలమైతే గంటగంటకు.
సిరొంచ నుంచి బదిలీ మీద వచ్చినోన్ని,
తునికాకుకు, మోదుగాకుకు తేడా తెల్వనోన్ని.

ఇంకింత కిందికి పోతే
అవుతల గట్టు వేరే రాష్ట్రం, నేషనల్ పార్కు.
ఇవుతల గట్టున తుప్పువట్టిన ఫారెస్టు బోర్డు.
ఎండకాలం నీళ్లు పిక్కల దాక వచ్చినప్పుడు
అడవి ఎనుములు అటునుంచి ఇటు నడుస్తయి,
తోకలతోని సరిహద్దు మీద ఈగలు తోలుకుంట.
ఒకసారి ఇసుకల పులి అడుగు చూసిన.
సగం దాక నీళ్లూరినయి, అంచుకు ఒక తూనీగ.
దాన్ని ఏ గడిల రాయాల్నో తెల్వలే.

ఆ ఏడు శ్రావణంల
మూడు రోజులు వంతెన కనవడలే.
నాలుగోనాడు తెల్లారి చూస్తే గేజు రాయే లేదు.
రాయి ఉన్నకాడ నీళ్లు గుండ్రంగ తిరుగుతున్నయి,
ఏదో పారేసుకున్నట్టు.
చేతిల పెన్ను. ఆరింటి గడి ఖాళీ.

గట్టు మీద జయినీ వడ్డె కూసున్నది,
చేపల బుట్టలు మూడూ కొట్టుకపోయి.
"నీళ్లెంత ఉన్నయవ్వా?" అన్న, ఊకెనే.
ఆమె లేసి, చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.
సగం మాడియా, సగం తెలుగు:

"నల్లమద్ది నాలుగో వేరు మునిగింది.
అయిదోది తడిసింది, మునగలే.
నా పెద్దోడు పుట్టిన ఏడు అయిదోది మునిగె.
మా అత్త కాపురానికొచ్చిన ఏడు
కొమ్మల నడుమకెల్లి డొంగ పోయిందంట.
రాత్రి గుట్టెక్కిన కప్పలు దిగుతున్నయి, సూడు.
ఇంక పెరగదు."

అదే రాసిన, ఆరింటి గడిల, అంచులు దాటకుంట:
మద్ది నాలుగో వేరు. కప్పలు దిగుతున్నయి.

పదిహేను దినాలకు రిజిస్టరు వాపసొచ్చింది.
ఎర్రసిర గీత. కింద ఒకటే మాట: మీటర్లల.

కొత్త రాయి పాతిన్రు. సున్నం వాసన పోలే ఇంక.
నేను అంకెలే రాస్తున్న, జీతం దానికే.
జయినీ కొత్త బుట్ట అల్లుకుంట అడుగుతది,
"మీ రాయి ఏమంటుంది?"
"రెండు పాయింటు నాలుగు" అంట.
బద్ద పంటి కింద పెట్టి, కాసేపు ఆగి,
"అంటే, ఏ వేరు?" అంటది.