బుధవారం నీళ్ళు

మా అమ్మాన్‌లో, జబల్ అల్-తాజ్ కొండమీద
వారానికి ఒక్క రోజు, బుధవారం,
తెల్లారకముందే గొట్టం దగ్గుతుంది.
ముందు గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాత నీళ్ళు.
మేడమీద రేకు తొట్టి నిండే చప్పుడు
ముప్పై ఏళ్ళుగా నిద్రలోనే విన్నాను.
లేచి వెళ్ళి కవాటం తిప్పేది రబీహా.

ఈసారి ఆమె ఇర్బిద్ వెళ్ళింది,
చెల్లెలి మోకాలి ఆపరేషన్‌కి, పద్దెనిమిది రోజులు.
గురువారం పొద్దున గుమ్మంలో నిలబడి ఏదో చాలాసేపు చెప్పింది.
సరే సరే అన్నాను.
ఊళ్ళో ప్రతి సందూ తెలిసిన టాక్సీవాణ్ణి,
ఇల్లొక లెక్కా?

శుక్రవారం రెండుసార్లు స్నానం.
శనివారం, ఎవరూ అడక్కపోయినా, మెట్లు కడిగాను
పైనుంచి కింది దాకా పైపు పెట్టి.
పైపు కట్టెయ్యడం ఆదివారం గుర్తొచ్చింది.
అప్పటికి వంటింటి కుళాయి
ఒక చుక్క ఇచ్చి, కాసేపు ఆలోచించి,
రెండోది ఇవ్వలేదు.

సాయంత్రం ఫోను.
"తొట్టి ఎంతవరకుంది, నవ్వాఫ్?"
నీళ్ళు నమిలాను.
ఆ పూట ఇంట్లో ఉన్న నీళ్ళు అవే.

తిట్టలేదు. తిడితే బాగుండేది.
"ట్యాంకరుని పిలువు" అంది,
"ఆ తర్వాత సింకు కింద చూడు."

డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టాడంటారే,
ట్యాంకరు కుర్రాడు వేళ్ళు తడిచేసుకుని
నా నోట్లు లెక్కపెడుతుంటే అర్థమైంది
ఏది దేనిలాగో.

సింకు కింద, మోకాళ్ళమీద వంగి చూద్దునుకదా,
గొట్టమే లేదు!
తెగిన గొంతు కింద ఒక నీలం బకెట్టు,
అంచులో పెరుగుడబ్బా మూతతో వేసిన అతుకు.
ఎప్పుడో నేనే పిలిపించిన ప్లంబరుకి
ఆమె టీ ఇచ్చి పంపేసిందన్నమాట.
ఇన్నేళ్ళూ నా వెనకనుంచి
ఈ బకెట్టు పట్టుకునే నడిచిందన్నమాట.

సరే, నేనూ మోశాను.
గిన్నెలు తోమిన నీళ్ళన్నీ తెచ్చి
బాల్కనీలో పుదీనా కుండీకి పోశాను, గర్వంగా.
మూడు రోజులకి పుదీనా
చదివేసిన పేపరులా అయిపోయింది.

పక్కింటి రనీం, తొమ్మిదేళ్ళది,
గోడమీద గడ్డం ఆనించి చెప్పింది:
"జిడ్డువి మరుగుదొడ్డికి.
బియ్యం కడిగినవి పుదీనాకి.
గుడ్డలు జాడించినవి మెట్లకి.
పెద్దమ్మ నీకు చెప్పలేదా?"
చెప్పింది.
గుమ్మంలో. చాలాసేపు.

చెత్త తీసే అబ్దుల్‌మొయిన్
నా మూడో సంచీ చేత్తో తూచి
"చుట్టాలొచ్చారా బాబాయ్?" అన్నాడు.
ఆమె ఉన్నప్పుడు వారానికి ఒకటే, అదీ సగమే.
నా సంచీలోంచి ఎండు రొట్టెలు ఏరి
గేటు కొక్కేనికి తగిలించి వెళ్ళాడు.
మధ్యాహ్నం గొర్రెలవాడు వచ్చి తీసుకున్నాడు.
ఆ కొక్కెం గొడుగుకనుకున్నాను
ఇన్నాళ్ళూ.

రెండో బుధవారం
గొట్టం దగ్గకముందే మెలకువొచ్చింది.
మేడ ఎక్కాను.
ఇంకా చీకటి. కొండ పొడుగునా
ప్రతి మేడమీదా ఎవరో ఒకరు,
ఇంట్లో కట్టే పొడుగు గౌన్లలో, భుజాలమీద శాలువలతో,
తొట్టి పక్కన చెవొగ్గి.
ఎదురింటి ఉమ్ సుఫ్యాన్ తల ఊపింది,
వీధిలోకి కొత్తగా దిగినవాణ్ణి
పలకరించినట్టు.

ఆదివారం రబీహా వచ్చింది.
బకెట్టు చూసింది. ఖాళీ కుండీలో వేలు గుచ్చి
వాసన చూసింది, సబ్బు.
ఏమీ అనకుండా సంచీ విప్పి
తడి గుడ్డలో చుట్టిన పుదీనా కొమ్మ తీసి నాటింది.
నేను చెంబుతో నిలబడ్డాను.

"అవి ఏ నీళ్ళు?" అంది, నా వైపు తిరక్కుండా.
"బియ్యం కడిగినవి" అన్నాను.
నమల్లేదు.