మూడో అంకె

వాల్స్‌ఎండ్‌లో ఓడలు కట్టడం మానేసి చాలా కాలమైంది.
క్రేన్లను కూడా విప్పి ఎవరికో అమ్మేశారు.
మిగిలింది నదీ, గాలీ,
స్టేషన్ రోడ్డులో బేకరీ మీద రెండు గదుల ఆఫీసూ,
ఓడల పనివాళ్ళకు నెలనెలా పింఛను లెక్కకట్టే
ఒక కోబాల్ ప్రోగ్రామూ,
దాన్ని కనిపెట్టుకుని నేనూ.

ఈ భాష పోయిందని నేను చదువుకునే రోజుల్లోనే చెప్పారు.
పాడె కట్టినవాళ్ళు రిటైరయ్యారు.
వాళ్ళ పింఛను కూడా బహుశా
ఇదే ఎక్కడో కూర్చుని లెక్కకడుతోంది.
కొత్త భాషలోకి మార్చేస్తామని మూడుసార్లు మనుషులొచ్చారు,
బొమ్మలు చూపించి, శాండ్‌విచ్‌లు తిని వెళ్ళారు.
మొదటిసారి వాళ్ళు చెప్పిన కొత్త భాష పేరు
ఇప్పుడెవరికీ గుర్తులేదు.

దీనికి తొందర లేదు.
ప్రతి వాక్యం చివరా చుక్క అడుగుతుంది
రెండో తరగతి పంతులమ్మలా.
డెబ్భై రెండో గడి దాటి ఏం రాసినా చూడదు.
ఏడో గడిలో నక్షత్రం పెడితే
ఆ వరస యంత్రానికి కాదు, నాకు.
"దీన్ని కదపకు. ఎందుకో నాకూ తెలీదు. డి.ఆర్., 1974"
"కదిపాను. మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాను. కె.ఎం., 1988"
ఇద్దర్నీ ఎప్పుడూ చూడలేదు.
అయినా రాత్రి డ్యూటీలో
ముగ్గురం ఒకే కెటిల్ చుట్టూ నిలబడ్డట్టుంటుంది.

మార్చిలో ఎడ్నా థర్ల్‌వెల్‌కి ఉత్తరం వెళ్ళింది.
మీకింకా పింఛను వయసు రాలేదు,
అరవై నిండాక దరఖాస్తు చేసుకోగలరు.
అది పట్టుకుని మెట్లెక్కి వచ్చిన కొడుక్కి
డెబ్భై నాలుగు.
"అమ్మకి మొన్న మంగళవారం వంద" అన్నాడు రొప్పుతూ.
నూరేళ్ళు నిండాయన్నమాట, అనుకోబోయి
నాలుక కరుచుకున్నాను.
మా భాషలో ఆ మాటకి అర్థం వేరు.
ఆయనకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

వయసు గడి తెరిచి చూశాను: రెండు తొమ్మిదులు.
రెండంకెలకే చోటు.
తొంభై తొమ్మిది దాటగానే
ఆవిడ మళ్ళీ సున్నా సున్నా,
పొత్తిళ్ళలో పాప.

యాభై ఏళ్ళలో ఒక్కరూ ఈ గోడదాకా రాలేదా?
రిజిస్టరు తిరగేశాను.
యాభై ఆరు. అరవై ఒకటి. యాభై తొమ్మిది. నలభై ఎనిమిది.
ఓడ కడుపుల్లో ఆస్‌బెస్టాస్ పొడి మంచులా రాలుతుంటే
దాని కిందే కూర్చుని మధ్యాహ్నం రొట్టె తిన్నవాళ్ళు.
ఆ బట్టలు దులిపి ఉతికిన భార్యలు.

డోరీన్ రట్టర్ నంబరు దొరకడానికి రెండు రోజులు పట్టింది.
కల్లర్‌కోట్స్‌లో ఉంటోంది. చెవులు సరిగ్గా పనిచెయ్యవు,
ప్రోగ్రాము మాత్రం నిన్న రాసి లేచినట్టు గుర్తుంది.
"మూడో అంకె ఎందుకివ్వలేదనే కదా?
కార్డులో చోటు లేదని మేనేజరుకి చెప్పాను.
చోటుంది."
కాసేపు సముద్రం వినిపించింది,
లేకపోతే లైనులో గరగర.
"మా నాన్న పైపులకి ఆ పిండి పూసేవాడు.
యాభై నాలుగుకి పోయాడు. ఆ ఏడే రాశానది.
తొంభై తొమ్మిది కొడుతున్నప్పుడే
చెయ్యి ఎక్కువ జారుతోందనిపించింది, తల్లీ.
మూడోది కూడా పెడితే
వాళ్ళని వెక్కిరించినట్టుంటుందని."

ఆ రాత్రి మూడో తొమ్మిది చేర్చాను.
ఒక్క అంకె జరగాలంటే
వెనక నలభై ఫైళ్ళు సర్దుకుని కూర్చోవాలి.
నాలుగింటికి అన్నీ కూర్చున్నాయి.
ఏడో గడిలో నక్షత్రం పెట్టి
ఏం రాయాలో తోచక చాలాసేపు ఊరికే ఉన్నాను.
కింద బేకరీలో ఓవెన్ తలుపు తీశారు.

"ఎడ్నా థర్ల్‌వెల్ కోసం. ఒకావిడ వచ్చింది డోరీన్, చూడు. వి.కె."

ఇలాంటి వరస చివర చుక్క అక్కర్లేదు.
అయినా పెట్టాను.